గట్టు దాటిన చేపకు బాధ్యులెవరు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మత్స్యశాఖ కమిషనర్లకు, ఉభయ రాష్ట్రాల జీవవైవిధ్య మండళ్ల అధ్యక్షులకు నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

నేను గోదావరి ఒడ్డునున్న ఒక ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. పాఠం చెప్పే పని పోయాక మిగిలిన అలవాటు ఒకటే. తెల్లవారుజామున రేవుకు వెళ్లి, రాత్రి కట్టిన వలలు ఎత్తుకొచ్చే మత్స్యకారుల దగ్గర నిలబడి, ఏ చేపలు పడ్డాయో, ఏవి పడడం మానేశాయో చూసి నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకంలో పాత పేజీల నిండా జెల్లలు, వాలుగలు, బొమ్మిడాయిలు, ఇసుక దొందులు, గుప్పెళ్ల కొద్దీ పరిగెలు కనిపిస్తాయి. ఈ మధ్య పేజీల్లో వాటి పక్కన తరచుగా ఒక మాట చేరుతోంది. మత్స్యకారులు దాన్ని ‘క్యాట్‌ఫిష్’ అంటారు. శాస్త్రం దాన్ని క్లారియస్ గారీపైనస్ అంటుంది. ఈ లేఖలో దాన్ని ఆఫ్రికా మార్పు అని రాస్తాను, ఎందుకంటే మన మార్పు చేపకు అది దాయాది, ఆ పోలికను అడ్డం పెట్టుకునే అది సంతల్లో చెలామణీ అవుతోంది.

ఈ చేప పెంపకంపై దేశంలో నిషేధం ఉందని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆఫ్రికా నదుల్లోనూ, జోర్డాన్, ఇజ్రాయెల్, దక్షిణ తుర్కియే వరకూ సహజంగా ఉండే ఈ చేప 1990ల తొలి సంవత్సరాల్లో ఎవరి అనుమతీ లేకుండా బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చింది. 1997లో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ దీన్ని పెంచడాన్ని నిషేధించి, ఉన్నవాటిని నాశనం చేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఆ మాట సరిగా అమలు కాలేదు కాబట్టే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి రెండు రాష్ట్రాల్లోనూ అడపాదడపా దాడులు జరుగుతున్నాయి, నగర శివార్లలోని దొంగ చెరువులను తవ్వి పూడుస్తున్నారు, టన్నుల కొద్దీ చేపలను గుంతల్లో పాతిపెట్టిన ఫొటోలు పత్రికల్లో వస్తున్నాయి. ఆ పని చేస్తున్న సిబ్బందిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మేతగా వేసే కోళ్ల దుకాణాల వ్యర్థాలు కుళ్లుతున్న ఆ పెంపకపు గుంతల దగ్గర ఒక పూట నిలబడడమే కష్టం.

నా ప్రశ్న ఆ పెంపకపు గుంతల గురించి కాదు. గుంతలో ఉన్నంతసేపు ఈ చేప నేరానికి సాక్ష్యం. వాన కురిసి, గుంత పొంగి, వాగులో పడి, వాగు నుంచి నదిలోకి చేరిన క్షణం నుంచి అది ఎవరి లెక్కలోనూ లేని చేప. నేను ఒకసారి ఒక కార్యాలయానికి వెళ్లి, నదిలో ఇవి పడుతున్నాయని చెబితే, అక్కడి వారు మర్యాదగానే విని, తమకు వచ్చిన ఉత్తర్వులు పెంపకం చెరువులకు సంబంధించినవేనని, నదిలో పడే చేపపై తాము చేయగలిగింది లేదని చెప్పి పంపారు. అబద్ధం చెప్పలేదు వారు. ఉన్న పరిస్థితి అదే. గట్టు లోపల చేపకు చట్టం ఉంది, గట్టు దాటిన చేపకు బాధ్యులు లేరు. ఈ లేఖ మొత్తం ఆ ఖాళీ గురించే.

అది ఎందుకంత పెద్ద ఖాళీయో చెప్పాలంటే గోదావరిలో ఎవరు ఎవరిని తిని బతుకుతున్నారో కొంచెం చెప్పుకోవాలి. నీటి అడుగున రాళ్లపై పేరుకునే పాచి, ఒడ్డు చెట్ల నుంచి రాలిన ఆకు, వరద మోసుకొచ్చిన బురద మొదటి తిండి. వాటిని నత్తలు, రొయ్యలు, నీటి పురుగుల పిల్లలు తింటాయి. వాటిని పరిగెలు, దొందులు, చిన్న జెల్లలు తింటాయి. వీటిని వాలుగ, కొర్రమీను, ముల్లుజెల్ల వేటాడతాయి, పైనుంచి లకుముకి పిట్ట, కొంగ, నీటికాకి అందుకుంటాయి, కొన్ని చోట్ల ఇంకా మిగిలి ఉన్న నీటికుక్కలు పంచుకుంటాయి. పాఠ్యపుస్తకం దీన్ని ఆహార జాలం అంటుంది. జాలం అంటే వల అనే కదా. వలలో ఒక కన్ను తెగితే చేప తప్పించుకుంటుంది, పది కళ్లు తెగితే వల పనికిరాదు.

ఈ వరుసలో వేటాడే చేపలు మనకు కొత్త కాదు, అది ముందే ఒప్పుకోవాలి. వాలుగ నోరు చూసినవారెవరూ గోదావరి చేపలు సాధువులని అనరు. తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంచుకున్న కొర్రమీను కూడా పక్కా వేటగాడే, పైగా గాలి పీల్చి బతకగలదు. మరి వీటిని ఉండనిచ్చి ఆ పరాయి చేపనే ఎందుకు తప్పుపట్టాలని ఒక విద్యార్థి అడిగితే నేను ఇలా జవాబిస్తాను. వాలుగ ఎక్కడ పొంచి ఉంటుందో, ఏ వేళకు కదులుతుందో తరతరాలుగా పరిగెకు తెలుసు. ఏ రెల్లుపొదల్లో, ఎంత లోతు తక్కువ నీళ్లలో గుడ్లు పెడితే వాలుగ రాదో కూడా దానికి తెలుసు. ఆ తెలివి నేర్పిన బడి ఈ నదే. ఆఫ్రికా మార్పు ఆ బడిలో లేదు. అది రాత్రిపూట మసక నీళ్లలో కళ్లతో పని లేకుండా మీసాలతో తడిమి, వాసన పట్టి వేటాడుతుంది. చేప, పీత, నత్త, రొయ్య, కప్ప, పురుగు, గుడ్డు, పక్షి పిల్ల, కుళ్లిన మాంసం, దొరికితే తన జాతి పిల్ల, దేనికీ కాదనదు. ఒక జాతి తగ్గిపోతే దాన్ని తినే వేటగాడు కూడా ఆకలితో తగ్గడం నదిలో సహజంగా జరిగే సర్దుబాటు. ఏదైనా తినగలిగే వేటగాడికి ఆ సర్దుబాటు వర్తించదు. చివరి పరిగె పోయినా అది నత్తలపై, కోడి పేగులపై బతుకుతూ, ఆ చివరి పరిగె కోసం కాచుకుని ఉండగలదు. పెంపకంలో ఏడాది తిరక్కుండానే కిలో దాటుతుంది. ప్రపంచంలో నమోదైన అతి పెద్దవి 1.7 మీటర్ల పొడవు, 60 కిలోల బరువు ఉన్నాయి. ఆ సైజుకు చేరిన చేపను గోదావరిలో తినేది మొసలి ఒక్కటే, ఆ మొసళ్లు ఎన్ని మిగిలాయో మీకే బాగా తెలుసు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి వేసవిది. నా అభిప్రాయంలో అసలు నష్టం అక్కడే జరుగుతోంది, దానిపై శ్రద్ధ అసలు లేదు. గోదావరి ఏడాది పొడవునా ఒకేలా పారే నది కాదు. ఆనకట్టల ఎగువన నిలిచిన నీటిని వదిలేస్తే, మార్చి దాటాక ఎన్నో చోట్ల ఇసుక మధ్య మడుగులుగా తెగిపోతుంది. మంజీర, మానేరు వంటి ఉపనదుల్లోనూ, చిన్న వాగుల్లోనూ ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మడుగులే వచ్చే వర్షాకాలానికి విత్తనపు గాదెలు. తొలకరికి ఏరు కదిలినప్పుడు ఎదురెక్కి గుడ్లు పెట్టాల్సిన తల్లిచేపలన్నీ ఏప్రిల్, మే నెలల్లో ఆ కాస్త నీటిలోనే ఇరుక్కుని ఉంటాయి. నీరు వేడెక్కి, ప్రాణవాయువు తగ్గి, అవి సగం ప్రాణంతో పైకి వచ్చి నోరు తెరుస్తున్న సమయంలో, అదే మడుగులో గాలి పీల్చి హాయిగా తిరిగే పెద్ద వేటగాడు ఒకటి ఉంటే ఏమవుతుందో ఊహించడానికి పరిశోధన అవసరం లేదు. కొర్రమీను కూడా అక్కడ ఉంటుంది నిజమే, కానీ దాని నోటికి పట్టేది ఎంత, పది కిలోల చేప నోటికి పట్టేది ఎంత! పైగా ఆ పెద్ద చేపకు మడుగు ఎండిపోయినా భయం లేదు. తడి రాత్రి అయితే పక్క మడుగు దాకా నేలపై పాకగలదు.

గత మే నెలలో మా ఊరికి ఎగువన ఎండిపోతున్న ఒక మడుగును మత్స్యకారులు వలలతో జల్లించినప్పుడు నేను అక్కడ ఉన్నాను. దొరికిన ఆఫ్రికా మార్పుల్లో పెద్దదాన్ని కోయించి పొట్ట విప్పి చూశాను. రెండు జెల్లలు, పీత డొప్పల ముక్కలు, నత్త గుల్లలు, పేరు పోల్చలేనంతగా అరిగిన చిన్న చేపల ముళ్లు, వాటి మధ్య ఒక తెల్లటి కోడి ఈక ఉన్నాయి. ఒక్క చేప పొట్టతో శాస్త్రం తయారు కాదని నా విద్యార్థులకు నేనే చెప్పేవాణ్ణి, ఇప్పుడూ అదే చెబుతాను. కానీ ఆ కోడి ఈకను మాత్రం మరచిపోలేకపోతున్నాను. అది ఎక్కడో గట్టు లోపల తిన్న తిండి అయినా కావచ్చు, నదిలోకి ఎవరో పారబోసిన వ్యర్థమైనా కావచ్చు. రెండూ మన చేతుల మీదుగా జరిగినవే. ఆ రోజు వలలో పడ్డ చిన్న చేపలు ఒక బుట్ట అడుగు కూడా నిండలేదు. పక్కనున్న పెద్దాయన, “అయ్యా, ఒకప్పుడు ఈ మడుగులో పిత్తపరిగెలే రెండు గంపలు పడేవి, కూలీలు పావలాకు దోసెడు కొనుక్కుపోయేవారు” అన్నాడు.

పిత్తపరిగెల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. మత్స్యశాఖ లెక్కల్లో బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగలకు ఉన్న చోటు ఈ బుల్లి చేపలకు లేదు, వాటిని ఎవరూ పెంచరు, ఎవరూ టన్నుల్లో అమ్మరు. కానీ ఎముకలతో, తలతో సహా నమిలి తినే ఆ చేపలే బీద ఇళ్లకు సున్నం, ఎ విటమిను అందించే తిండి. పెద్ద చేప ముక్కలో అవి అంత ఉండవు. నదిలో అందరికంటే ముందు పోయేవి కూడా అవే, ఎందుకంటే ఏ వేటగాడికైనా అవి ఒక్క గుక్క.

వేటాడే పరాయి చేప ఒక జాతిని తగ్గించి ఊరుకోదు, ఆ జాతి చేసే పనిని కూడా ఆపేస్తుంది. దీన్ని చక్కగా చూపిన ప్రయోగం ఒకటి జపాన్‌లోని హొక్కైదో దీవిలో ఒక అడవి వాగుపై జరిగింది, దాని ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన రెయిన్‌బో ట్రౌట్ అనే చేపను వాగులో కంచె వేసిన భాగాల్లోకి వదిలి చూశారు. అది చెట్ల నుంచి నీటిపై రాలే పురుగులను ముందుగా అందుకుని తినడం మొదలుపెట్టింది. అంతవరకు ఆ పురుగులపై బతికిన స్థానిక చేప వేరే దారి లేక వాగు అడుగున పాచిని మేసే పురుగుల పిల్లలపై పడింది. మేసేవి తగ్గడంతో పాచి పెరిగింది. నీటిలో పెరిగి రెక్కలొచ్చి ఒడ్డుకు ఎగిరే పురుగులు దాదాపు 35 శాతం తగ్గాయి. వాటి కోసం ఒడ్డున గూళ్లు కట్టుకున్న సాలీళ్లు 65 శాతం తగ్గాయి. నీటిలో వదిలిన చేప నేలపైనున్న సాలీడును కొట్టింది! నేను ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా తరగతి గది నిశ్శబ్దమయ్యేది. మా గోదావరి ఒడ్డున సాలీళ్లను, తూనీగలను, పిచ్చుకలను లెక్కపెట్టి, అందులో ఏ వంతు నదిలోని చేపలపై ఆధారపడి ఉందో చెప్పగలిగిన వారు ఎవరూ నాకు ఇంతవరకు తారసపడలేదు.

పనామా దేశంలో అమెజాన్ ప్రాంతపు పీకాక్ బాస్ అనే వేట చేప పెంపకపు చెరువుల నుంచి తప్పించుకుని చాగ్రెస్ నదిలో పడి, అక్కడి నుంచి గాటూన్ సరస్సుకు చేరింది. కొన్నేళ్లలోనే అక్కడి చిన్న చేపల జాతులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయని, వాటిపై బతికే పక్షులు కూడా తగ్గాయని 1973లో శాస్త్రవేత్తలు రాశారు. దోమల పిల్లలను తినే చేపలు పోవడంతో దోమలు పెరిగే ప్రమాదాన్నీ వారే సూచించారు. నాలుగు దశాబ్దాల పైచిలుకు గడిచాక మళ్లీ పరిశీలిస్తే ఆ చేపలు కోలుకున్న జాడ లేదు. కాలం గడిస్తే నదే సర్దుకుంటుందని నాతో అనేవారికి నేను ఈ సంగతి చెబుతాను. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో నైల్ పెర్చ్ అనే పరాయి వేట చేప చేసిన విధ్వంసం మీ అందరికీ తెలిసినదే కాబట్టి దాని జోలికి పోను.

ఇక్కడ ఒక మాట నిజాయితీ కోసం. పరాయి చేప అనగానే దానికేదో దుర్బుద్ధి ఉందన్నట్టు కొందరు రాస్తారు, ‘రాకాసి చేప’, ‘దెయ్యం చేప’ అని పేర్లు పెడతారు. ఆగ్నేయాసియా మార్పు చేప అమెరికాలోని ఫ్లోరిడాలో 1960ల నుంచి ఇదే రకం నిందలు మోస్తోంది. కొర్రమీను దాయాది ఒకటి 2002లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక చెరువులో కనిపించి, అక్కడి వారిని ఆ చెరువుకు మందు పెట్టించేంతగా భయపెట్టింది. మన ఇంట్లో పులుసులో ఉడికే చేప వేరొకరి నదిలో ఆక్రమణదారు. తప్పు చేపది కాదు, మోసుకెళ్లిన చేతిది.

ఆ చేతుల సంగతికి వస్తే, దొంగ చెరువుల యజమానులను మాత్రమే వేలెత్తి చూపడం న్యాయం కాదు. వదిలే పని ప్రభుత్వ శాఖలే చేసిన సందర్భాలు ఉన్నాయి. దోమల పిల్లలను తింటాయని 1928 నుంచి దేశంలోకి తెచ్చిన గంబూసియా చేపలను ఇప్పటికీ మన పురపాలక సంఘాలు, ఆరోగ్య శాఖలు కుంటల్లో, మురుగు కాలువల్లో వదులుతున్నాయి. అది వేలెడంత చేపే, కానీ ఇతర చేపల గుడ్లను, పిల్లలను, కప్పపిల్లలను కొరికి తినే గట్టి వేటగాడు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరు ఉంది. కుంట నిండితే కాలువ, కాలువ నిండితే వాగు. మన వాగుల్లోనే దోమల పిల్లలను తినే స్థానిక చిన్న చేపలు ఉండగా, మత్స్యశాఖను, జీవవైవిధ్య మండలిని ఒక మాట అడగకుండా ఈ పని జరగడం నాకు అర్థం కాదు. తెలంగాణలో 2016 నుంచి ఉచితంగా చేప పిల్లలను చెరువుల్లో వదిలే పథకం గురించి కూడా ఇదే కోవలో చెప్పాలి. మత్స్యకారులకు అది ఎంతో మేలు చేసింది, దాన్ని ఆపమని నేను అనను. అయితే కోట్ల సంఖ్యలో పిల్లలు లారీల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చి, సంచి విప్పి నీటిలో పోసే క్షణంలో, ఆ సంచిలో ఇంకేమున్నాయో చూసేది ఎవరు? సంఖ్య సరిపోయిందా అని చూస్తారు, సైజు చూస్తారు. జాతి సంగతికి వస్తే, పిల్లల దశలో ఆఫ్రికా మార్పునూ మన మార్పునూ విడదీయడం శిక్షణ ఉన్నవారికే కష్టం.

పెద్ద చేపలను పోల్చడం అంత కష్టం కాదు. మన నాటు మార్పు కిలో దాటడం చాలా అరుదు. దాని తల చిన్నది, రంగు ముదురు గోధుమ. ఆఫ్రికాదానికి తల బల్లపరుపుగా, పెద్దగా, పైన గరుకుగా ఉంటుంది, ఒంటిపై బూడిదరంగు మచ్చలు పాకుతాయి. అయినా సంతలో ‘నాటు మార్పు’ అని ఎక్కువ ధర చెప్పి దీన్ని అమ్మడం నేను చూశాను. దేశంలో కొన్ని చోట్ల ఈ రెంటినీ సంకరం చేసి అమ్ముతున్నారు కూడా. మన మార్పు ఇప్పటికే అంతరించే ప్రమాదమున్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ఉంది. ఆ సంకరం పిల్లలు నదిలో పడితే వేటకు తోడు రక్తంలో కల్తీ కూడా మొదలవుతుంది.

నదిని ఇంతగా దెబ్బతీసింది ఈ చేపేనా, ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల నీరు కావా అని అడిగేవారు ఉంటారు. వారి మాటలో నిజముంది. పారే నదిలో కంటే నిలిచిన నీటిలో, శుభ్రమైన నీటిలో కంటే మురుగు చేరిన నీటిలో ఈ చేపకు ఎక్కువ అనుకూలం. మనం నదిని దానికి సరిపడేలా మార్చి పెట్టాం. అందుకే ఈ చేపను ఒంటరిగా చూడవద్దని అడుగుతున్నాను. ప్రాణవాయువు లేక మన చేపలు అల్లాడే ప్రతి మడుగూ దానికి విందు పీట.

నీటి పథకాల సంగతి ఇంకా తీవ్రమైనది. దక్షిణాఫ్రికాలో 1975లో ఆరెంజ్ నది నుంచి 82 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం తవ్వి గ్రేట్ ఫిష్ నదికి నీరు మళ్లించారు. నీటితో పాటు ఇదే చేప, క్లారియస్ గారీపైనస్, అంతకుముందు ఎన్నడూ లేని ఆ నదుల్లోకి వెళ్లిపోయింది. అంటే సొంత ఖండంలోనే అది ఆక్రమణదారు అయింది. మన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా 2015 నుంచి గోదావరి నీరు పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణలో కలుస్తోంది. పంపుల గుండా పెద్ద చేప వెళ్లలేకపోవచ్చు, గుడ్లకూ పిల్లలకూ ఆ అడ్డంకి లేదు. కాళేశ్వరం జలాలు ఎన్ని జలాశయాలు, ఎన్ని చెరువులు ఎక్కి దిగుతున్నాయో ఉన్నతాధికారులకు వివరించనక్కరలేదు. 2014 విభజన చట్టం కింద ఏర్పడిన గోదావరి, కృష్ణా నదీ యాజమాన్య బోర్డులు టీఎంసీల కోసం ఇన్నేళ్లుగా వాదోపవాదాలు వింటున్నాయి, ఆ టీఎంసీలలో ఏమేమి ఈదుతున్నాయన్న ప్రశ్న వారి ముందుకు ఎవరైనా తీసుకెళ్లారా?

ఇప్పుడు నేను కోరుతున్నవి. మొదటగా, నదిలోని ఆక్రమణ చేపలకు బాధ్యుడైన అధికారి ఒకరు పేరుతో సహా ఉండాలి. జిల్లా సరిహద్దు నదికి వర్తించదు కాబట్టి జిల్లాలవారీగా కాక నది భాగాలవారీగా ఉండాలి. శ్రీరాంసాగర్ నుంచి ఎల్లంపల్లి వరకు ఒకరు, అక్కడి నుంచి ప్రాణహిత కలిసే చోటు దాటి ఇంకొకరు, అలా ధవళేశ్వరం వరకు. మత్స్యకారుడు ఒక చేపను పట్టి ఎవరికి చూపాలో తెలియాలి.

రెండవది, ఏ మడుగులో, ఏ వాగులో ఈ చేప ఉందో తెలుసుకోవడానికి ఇప్పుడు వల వేయాల్సిన పని కూడా లేదు. నీటిలో రాలిపోయిన చర్మపు కణాల డీఎన్‌ఏ పట్టి జాతిని గుర్తించే పద్ధతి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి లాకోన్స్ అనే, అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాలలో ఉంది. తూర్పు కనుమల నీటి వనరుల్లో సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్ అనే మరో పరాయి చేప ఎంతవరకు పాకిందో వారు ఆ పద్ధతితోనే చూశారు. అదే పద్ధతిని ఆఫ్రికా మార్పు కోసం గోదావరి, కృష్ణ మడుగులపై వాడడానికి రెండు శాఖలు కలిసి అడిగితే చాలు.

మూడవది నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. ఏటా ఏప్రిల్ చివరి నుంచి తొలకరి వరకు, ప్రధానమైన వేసవి మడుగులను గుర్తించి, ఆయా ఊళ్ల మత్స్య సహకార సంఘాలకే కూలి ఇచ్చి, శిక్షణ పొందిన వారి సమక్షంలో జల్లించాలి. ఆఫ్రికా మార్పులను బయటికి తీసి, నాటు తల్లిచేపలను తిరిగి నీటిలోనే వదలాలి. గంగపుత్రులకు, ముదిరాజులకు, దిగువన పల్లెకారులకు తమ మడుగుల లోతు, చేపల నడక మనకంటే బాగా తెలుసు. ఈ పనికి వారు కూలీలు మాత్రమే కాదు, మార్గదర్శకులు కూడా. రాజస్థాన్‌లో పక్షులకు పేరొందిన కేవలాదేవ్ జాతీయ పార్కులో ఈ చేపను పట్టి తీసివేసే పని చేపట్టాల్సి వచ్చింది కాబట్టి, అలాంటి పని మన దేశంలో కొత్త కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. తినేసి తగ్గిద్దాం, హోటళ్లకు అమ్మిద్దాం, కిలోకు ఇంత బహుమతి ఇద్దాం అనే సలహాలు మీ దాకా వస్తాయి. దయచేసి జాగ్రత్త. ధర పెడితే, నదిలో పట్టే చేప కంటే గుంతలో పెంచిన చేప తేలిగ్గా దొరుకుతుంది, బహుమతి డబ్బుతో దొంగ చెరువులు పెరుగుతాయి. కాబట్టి కూలి పనికి ఇవ్వాలి, చేప బరువుకు కాదు. పట్టినవి అక్కడికక్కడే పాతిపెట్టించాలి.

వీటికి తోడు, వరద మైదానంలో ఇటుక బట్టీల గుంతలు, పాడుబడ్డ క్వారీలు, కంచె వేసి కుక్కలను కాపలా పెట్టిన చెరువులు ఏవేవి ఉన్నాయో వానాకాలానికి ముందే, మే నెలలోనే సర్వే జరగాలి, దాడులు ఆగస్టులో వద్దు. నీరు పొంగాక చేసే దాడిలో మనకు మిగిలేది ఖాళీ గుంత. 2018లో కేరళ వరదల తర్వాత అక్కడి నదుల్లో దక్షిణ అమెరికా అరపైమా, ఉత్తర అమెరికా ఎలిగేటర్ గార్ చేపలు వలల్లో పడ్డాయి, అవన్నీ ఎవరో పెంచుకుంటున్నవే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం కింద చెరువులకు లైసెన్సు ఇచ్చేటప్పుడు వరద అంచుకు ఎంత దూరంలో ఉన్నదీ చూసి, పెంచుతున్న మిగతా పరాయి చేపలకు కూడా, ముఖ్యంగా దక్షిణ అమెరికా చేప రూప్‌చంద్‌కు, తప్పించుకోకుండా జల్లెడలు తప్పనిసరి చేయడం ఆ సంస్థ చేతిలోనే ఉన్న పని.

జీవవైవిధ్య మండళ్లకు ఒక చిన్న మనవి. గ్రామాల్లో రాయించిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో చేపల పేజీ చాలా చోట్ల రోహుతో మొదలై బొచ్చెతో ముగుస్తుంది. ఒక్కో ఊళ్లో ఇద్దరు ముసలి మత్స్యకారులను కూర్చోబెట్టి, వారి చిన్నతనంలో ఏ మడుగులో ఏ చేప దొరికేదో రాయించండి. ఆ జ్ఞాపకం పోతే, నదిలో ఏమి పోయిందో చెప్పడానికి మనకు పాత లెక్క ఒక్కటీ మిగలదు. నా నోటు పుస్తకం కావాలంటే ఇస్తాను, అందులో నా చేతిరాత బాగా లేదు గాని తేదీలు, మడుగుల పేర్లు ఉన్నాయి.

మా రేవులో సహకార సంఘం వారికి ఈ లేఖ ముందే చదివి వినిపించాను. మా ఊరికి ఎగువనున్న మూడు మడుగుల్లో వచ్చే వేసవిలో జల్లించడానికి వలలు, పుట్టీలు, మనుషులు తాము సిద్ధం చేసుకుంటామని, శాఖ తరఫున ఒక్క అధికారి వచ్చి నిలబడితే చాలని వారు అన్నారు. ఏప్రిల్ మూడో వారానికి నీరు మోకాలి లోతుకు దిగుతుంది. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు మార్చి నెలాఖరులోగా మా సంఘానికి తెలియజేయగలరు.

భవదీయుడు,
గోదావరి తీరాన ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు